అత్తయ్య ఎక్కితే ఆగే బండి

చిరంజీవి కోడలు పిల్లకి,

మామయ్య దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగాలేనిది పెద్దబండి ఒక్కటే.

ఫోను చేద్దామంటే నీ షెడ్డులో ఆ సుత్తి మోతకి నేను "బ్యాటరీ" అంటే నువ్వు "భోజనమా, అయింది మామయ్యా" అంటావు. అందుకే ఉత్తరం.

నేను బస్సు డ్రైవరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కొన్న ఆ పెద్ద మోటారుసైకిలు నీకు తెలుసుగా. ముందు గాలి అద్దం, రెండు పక్కలా పెట్టెలు, వెనక మీ అత్తయ్య ఆనుకోవడానికి దిండు. సోఫాకి చక్రాలు బిగించినట్టుందని మా బావమరిది, అదే మీ నాన్న, ఇప్పటికీ వెక్కిరిస్తాడు. పాతదే కానీ దూరప్రయాణానికి దాన్ని మించింది లేదు. ప్రతి ఆదివారం ఇద్దరం ఎటో ఒకవైపు వెళ్తాం.

ఈమధ్య దానికో జబ్బు పట్టుకుంది. చక్కగా పోతూ పోతూ ఠక్కున ఆగిపోతుంది. దగ్గూ లేదు, తుమ్మూ లేదు. నేను దిగి, సీటు లేపి, దొరికిన వైరునల్లా కదిపి, నాలుగు తిట్లు తిడతాను. కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మా వీధి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే వాడి ముందు మాత్రం గడియారంలా తిరుగుతుంది. "బండికేం లేదు సార్, మీకే అనుమానం జబ్బు" అన్నాడు. లారీల వైరింగు చూసే దానివి, నువ్వే దారి చూపించాలి.

ఇట్లు,
మామయ్య

తా.క.: చేతులకంటిన గ్రీజు ఎలా వదులుతుందో అడగమంది మీ అత్తయ్య. ఇంట్లో తువ్వాళ్ళన్నీ నేను నల్లగా చేశానట. చేశానట ఏమిటిలే, చేశాను.

*

పూజ్యులు మామయ్యగారికి,

నమస్కారాలు. పూర్తిగా చచ్చిన బండితో నాకు పేచీ లేదు, ఎక్కడ చచ్చిందో ఇట్టే చెప్పేస్తుంది. వచ్చిపోయే జబ్బుతోనే చావు. మెకానిక్కు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మీరు ఒంటరిగా దొరకగానే అల్లరి మొదలుపెడుతుంది.

ముందు ఒక మాట. కొత్త సామాన్లేవీ కొనకండి. చూడండి, అంతే. ఆగినప్పుడు హెడ్‌లైటు కూడా ఆరిపోతోందా, ఇంజనొక్కటే ఆగుతోందా? ఇది చాలా ముఖ్యం. అన్నీ ఆరిపోతే బ్యాటరీ నుంచి వచ్చే అసలు దారిలోనే ఎక్కడో వదులుందన్నమాట. దీపాలు వెలుగుతూ ఇంజనొక్కటే ఆగితే అది వేరే కథ. హ్యాండిలు తిప్పినప్పుడు ఆగుతోందా, గతుకుల్లోనా, బాగా వేడెక్కాకనా, బరువు పడ్డప్పుడా అన్నది కూడా గమనించండి. బ్యాటరీ మీద బోల్టులు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, ఇంజను తిరుగుతుండగా ఒక్కో వైరునీ మెల్లగా కదపండి. ఏది కదిపితే ఆగుతుందో అదే దొంగ.

ఉంటాను,
మీ కోడలు పిల్ల

తా.క.: చేతులకి వంటనూనె, పంచదార కలిపి రుద్దుకుని తర్వాత సబ్బు పెట్టండి. పంచదార డబ్బా ఎవరు ఖాళీ చేశారని అత్తయ్య అడిగితే నా పేరు రానివ్వకండి.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

దీవెనలు. దొంగ దొరికాడు. కాదు, దొరికింది.

నువ్వన్నట్టే అన్నీ గమనించాను. ఆగినప్పుడు హెడ్‌లైటు, హారను, మీటరు అన్నీ ఒక్కసారే పోతున్నాయి. హ్యాండిలు ఎటు తిప్పినా ఏమీ కాలేదు. గతుకుల్లోకి కావాలనే తోలాను, ఏమీ కాలేదు. మధ్యాహ్నం ఎండలో వాగు దాకా వెళ్ళొచ్చాను, ఏమీ కాలేదు. ఇవన్నీ ఒక్కణ్ణే వెళ్ళాను. ఆదివారం మీ అత్తయ్యతో వెళ్ళానో లేదో, వంతెన దాటగానే ఠక్కుమంది. తిరిగి వచ్చేటప్పుడు చింతచెట్ల దగ్గర మళ్ళీ ఠక్కు. కాబట్టి తేలిందేమిటంటే, మీ అత్తయ్య ఎక్కితేనే ఆగుతోంది. వెంటనే మందు రాయి.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఈ కింద ముక్కలు మీ అత్తయ్యవి. కవరు అంటించబోతుంటే లాక్కుంది.

బుజ్జీ, నీ ఉత్తరంలో "బరువు పడ్డప్పుడా" అన్న మాట కింద మీ మామయ్య ఎర్ర గీత గీసి పెట్టుకున్నాడు. ఊరందరి కొలతలూ తీసే దర్జీని, నా కొలతలు నాకు తెలియవా? ఇంత పిల్లగా ఉన్నప్పుడు నీకు గౌన్లు కుట్టిన చేతులివి. గుర్తుంచుకో. - అత్తయ్య

*

పూజ్యులు మామయ్యగారికి, మా అత్తయ్యకి,

నమస్కారాలు, అత్తయ్యకి రెండు ఎక్కువ.

అత్తయ్యా, నేను బరువన్నది బండి భాషలో. వెనక ఎవరు కూర్చున్నా సీటు కిందికి దిగుతుంది. దాని కింద వైర్ల గుత్తి నలిగితే కరెంటు ఆగుతుంది. సన్నటివాళ్ళు కూర్చున్నా అంతే.

మామయ్యగారూ, తేల్చుకోవడానికి ఒక దారుంది. అత్తయ్యంత తూగే ఇసుక బస్తా ఒకటి వెనక కట్టి తిప్పండి. ఆగితే తప్పు సీటు కిందే. ఆగకపోతే ఇంకెక్కడో. అత్తయ్య బరువెంతో నాకు రాయక్కర్లేదు, అసలు రాయనేవద్దు. మీ ఇద్దరి మధ్యే ఉంచుకోండి.

ఉంటాను,
మీ కోడలు పిల్ల

తా.క.: అత్తయ్యా, గౌరవం అన్న మాట కూడా బరువులోంచే పుట్టిందట. ఆ లెక్కన నేను నిన్ను గౌరవించానే తప్ప ఇంకేమీ అనలేదు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

దీవెనలు. బస్తా పరీక్ష అయింది. ఇల్లు ఇంకా చల్లారలేదు.

ఇసుక తెచ్చాను. ఎంత పొయ్యాలని అడిగితే మీ అత్తయ్య కత్తెర కింద పెట్టకుండా నా వైపు చూసింది. కత్తెర పెద్దది. నా అంచనా ప్రకారమే పోసుకున్నాను. తాడు దూర్చడానికి సీటు కింద ఒక పక్క రేకు కవరు విప్పి, బస్తాని దిండుకి ఆనించి గట్టిగా కట్టాను. మూతి దగ్గర ఇసుక చిందుతోందని మీ అత్తయ్య హెల్మెట్టు దానికి బోర్లించాను. అది నా తెలివితక్కువతనం, ఒప్పుకుంటున్నాను. సందు చివర కొట్టాయన చెయ్యెత్తి "అమ్మగారూ, మా ఆవిడ జాకెట్టు ఎప్పుడిస్తారు?" అని బస్తానే అడిగాడు. ఆ సంగతి నేను ఇంటికి చేరేలోపే మా గుమ్మం చేరింది.

బస్తాతో బండి ఒక్కసారీ ఆగలేదు. సరే, సీటు కింద తప్పు లేదని మీ అత్తయ్యకి నచ్చజెప్పి, మరుసటి ఆదివారం బతిమాలి ఎక్కించుకున్నాను. కొండ మలుపు దగ్గర మళ్ళీ ఠక్కు. ఈసారి హెడ్‌లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఇప్పుడేం చెయ్యమంటావు?

ఇట్లు,
మామయ్య

తా.క.: మళ్ళీ లాక్కుంది.

బస్తా ఎక్కితే నడిచిందట, నేనెక్కితే ఆగిందట. ఆ బస్తానే ఎక్కించుకుని ఊరేగమను. దారిలో అది నోరెత్తదు కూడాను, ఆయనకి హాయి. - అత్తయ్య

*

బుజ్జీ,

ఆశీస్సులు. ఈ ఉత్తరం మీ మామయ్యకి తెలియకుండా నా కుట్టు మిషను మీద పెట్టుకుని రాస్తున్నాను. దీనికి జవాబు మాత్రం రాయకు. ఇంటికొచ్చిన కవరు చింపకుండా ఆయన ఉండలేడు.

బండిని బాగుచెయ్యకు.

దాన్ని ఆపుతున్నది నేనే. మొదటిసారి అనుకోకుండా జరిగింది. కాలు తిమ్మిరెక్కి సర్దుకుంటే మడమ బండి ఎడమ పక్క కవరుకి తగిలింది, లోపల ఏదో కదిలి బండి ఆగిపోయింది. మళ్ళీ తడితే బతికింది. ఆయనేమో తన తిట్లకి భయపడి స్టార్టయిందనుకున్నాడు.

మీ మామయ్యతో ప్రయాణం ఎలా ఉంటుందో నీకేం తెలుసు? బస్సు దిగాడు కానీ ఆయన లోపలి డ్రైవరు ఇంకా దిగలేదు. బయల్దేరిన దగ్గర్నుంచి చేరేదాకా ఆపడు. పక్కన వాగుందండీ అంటే "అక్కడ స్టాపు లేదు" అంటాడు. ఇన్ని ఊళ్ళు తిరిగామన్న మాటే కానీ నేను చూసిందల్లా ఆయన హెల్మెట్టు వెనక భాగం. ఇంట్లోనూ అంతే. రిటైరైనప్పటి నుంచీ మాటలు తగ్గిపోయాయి. పేపరు, నిద్ర, కిటికీ.

ఆ రోజు బండి ఆగితే రాతి మీద కూర్చున్నాం. వైర్లు చల్లారాలి అంటూ మొదలుపెట్టి ఎంతసేపు మాట్లాడాడో! ఒకసారి వానలో బస్సు దిగబడితే ప్రయాణికులంతా దిగి పాటలు పాడారట. ఇన్నేళ్ళ కాపురంలో నాకా సంగతి చెప్పనే లేదు. ఏమండీ, నాకెప్పుడూ చెప్పలేదే అంటే, "నువ్వెప్పుడు ఖాళీగా కూర్చున్నావు, ఎప్పుడూ ఆ మిషను చప్పుడేగా" అన్నాడు. అదీ నిజమే.

అప్పట్నుంచి మంచి చోటు కనబడితే మడమ ఆనిస్తున్నాను.

నీ
అత్తయ్య

తా.క.: బరువన్నందుకు నా కోపం మాత్రం నటన కాదు. అది అలాగే ఉంది.

*

పూజ్యులు మామయ్యగారికి,

నమస్కారాలు. బాగా ఆలోచించాను. ఇది చాలా అరుదైన జబ్బు. దీనికి మందు విశ్రాంతే. బండి ఆగిన చోట పక్కకి పెట్టి, నీడ చూసుకుని, ఇద్దరూ కూర్చోండి. కనీసం ఒక టీ తాగేంతసేపు తాళం ముట్టుకోవద్దు. ఎడమ పక్క కవరు ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ఎందుకని అడక్కండి, వృత్తి రహస్యం.

ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మొదట్లో అన్నీ ఆరిపోయేవని రాశారు. బస్తా పరీక్ష తర్వాత దీపం వెలుగుతూనే ఉందన్నారు. ఒకే జబ్బు రెండు రకాలుగా ఉండదు. దీపాలు వెలుగుతూ ఇంజనొక్కటే ఆగడానికి ఆ బండిలో తేలికైన దారి ఒక్కటే ఉంది. హ్యాండిలు మీద కుడి బొటనవేలి దగ్గరుండే ఎర్ర స్విచ్చి. మామయ్యగారూ, మీ బొటనవేలు కులాసాయేనా?

ఉంటాను,
మీ కోడలు పిల్ల

తా.క.: అత్తయ్యా, ఈ ఉత్తరంలో నీ బరువు గురించి ఏమీ లేదు, ఇటివ్వు అని లాక్కోనక్కర్లేదు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

దీవెనలు. ఇది స్పేరు పార్టుల కొట్లో నిలబడి రాస్తున్నాను. జవాబు ఈ కొట్టు చిరునామాకే రాయి. నీ ఉత్తరాన్ని ఆవిడ చదవలేదు. చదివుంటే నా పని అయ్యేది.

బొటనవేలు కులాసాయే. నేనే దొరికిపోయాను.

బస్తా కట్టిన రోజు పక్క కవరు విప్పానన్నాను కదా. అది ఎడమదే. లోపల బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద వైరు ప్లగ్గు గొళ్ళెం విరిగి వేలాడుతోంది. నువ్వు చెప్పినట్టే కదిపితే ఠక్కున ఆగింది. కొత్త ప్లగ్గు వేసి, టేపు చుట్టి, కవరు మూసేశాను. ఇసుకతోనే కాదు, ఇక ఎవరెక్కినా ఆగదని ఆవిడకి చూపిద్దామనే ఆదివారం ఎక్కించుకున్నాను.

కొండ మలుపు తిరుగుతుంటే వెనక నుంచి కవరు మీద టక్ మని చప్పుడు. కాసేపటికి మళ్ళీ టక్, టక్. ఏమిటా అని అద్దంలో చూశాను. కింద లోయంతా పూసి ఉంది. ఆవిడ దాని వైపు చూస్తూ మడమతో కవరుని పొడుస్తోంది. బండి ఆగడం లేదు. లోయ వెనక్కి పోతోంది. ఆ మొహం చూడలేకపోయాను కోడలు పిల్లా. ఇన్నాళ్ళూ నోరు విడిచి ఆపమన్నప్పుడు ఆపని వాణ్ణి, ఇంకేం చెయ్యను? ఎర్ర స్విచ్చి నొక్కేశాను. "అయ్యో, మళ్ళీనా!" అంది, నవ్వు పెదాల వెనక దాచుకుని.

అప్పట్నుంచి ఆవిడ పొడుస్తుంది, నేను నొక్కుతాను. దిగి సీటు లేపి తిట్టడం కూడా మానలేదు, లేకపోతే అనుమానం వస్తుంది. నీకు ఉత్తరాలూ అందుకే రాస్తున్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. నిన్న పొద్దుతిరుగుడు తోట పక్కనుంచి వెళ్తున్నాం. అంత అందంగా ఉంటే ఆవిడ నుంచి చప్పుడే లేదు. చూసుకోలేదేమో, దాటిపోతుందేమోనని ఆత్రంలో నేనే నొక్కేశాను. ఆవిడ దిగి, తన మడమ చూసుకుంది, కవరు చూసింది, నా మొహం చూసింది. రంగు పాలిపోయి, "ఏమండీ, ఇది ఈసారి నిజంగానే చెడిపోయినట్టుంది, బుజ్జికి వెంటనే రాయండి" అంది. రాస్తున్నాను. కాస్త నమ్మేలా ఉండే జబ్బు పేరొకటి త్వరగా పంపు.