గడప దగ్గర చెప్పులు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, నీ భర్త ప్రాణాలతో ఉన్నాడు. ముందు ఈ మాట చదివి కుదుటపడు.

రాజు పారిపోయాడని తెలియగానే గుర్రపుశాలవారు, వంటవారు కలిసి కొలువుకూటంలోకి చొరబడ్డారు. మన అల్లుడే ముందు నడిచాడు. పనివారు ఆ గడప దాటితే చెప్పులు విడవాలన్నది పాత కట్టడి. ఆ అలవాటు కొద్దీ అందరూ చెప్పులు విడిచే వెళ్లారు. లోపల నిలువుటద్దాలు పగులగొట్టి, ఆ పెంకుల మీదే వట్టికాళ్లతో తిరిగారు. అరికాళ్లు చీరుకుపోయిన అల్లుణ్ణి నా పుస్తకశాలకు మోసుకొచ్చారు. గాజు తీద్దామని పాదం ఒళ్లో పెట్టుకుంటే లాక్కున్నాడు.

"మీరు నా కాలు పట్టుకోవడమేంటి మావయ్యగారూ, నాకు పాపం."

"రాజునే గద్దె దింపావు. కాసేపు కాలు కదపకుండా ఉండలేవా నాయనా?" అన్నాను.

రాజ్యాలు కూలిన కథలు జన్మంతా చదివాను. మర్నాడు ఆ గాజు ఎవరు ఊడ్చారో ఏ కవీ చెప్పలేదు. ఊడ్చి ఊడ్చి నడుము పట్టేసింది.

మెత్తని పాత నూలుబట్టలు పంపు. ఇంటికప్పు బాగుచేయించావా? అత్తగారి దగ్గు తగ్గిందా? ఆమెకు ఈ కార్డు చదివి వినిపించకు.

రాజు సేనతో తిరిగి వస్తున్నాడట. నడవగలిగినవారు ఊరు విడిచారు. పండితుల కోసం ఉదయం బండి వచ్చింది. గుర్రాలవాడంటూ అల్లుడికి అందులో చోటు లేదన్నారు. బండి వెళ్లిపోయింది, మేమిద్దరం ఇక్కడే ఉన్నాం.

నీ ఐదోతనం నిలవాలని దీవిస్తూ,
నాన్న