దోన్యా బసీలియా ప్లాస్టిక్ పుంజులు

ఎల్ ఆల్తో

గౌరవనీయులైన దోన్ ఎర్లాన్ గారికి, బసీలియా యూహ్రా నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మీరు అమ్మిన రౌటర్ కోత యంత్రం తప్ప.

ఫోన్ చేద్దామంటే మీ రసీదు వెనక "సలహాలు ఉత్తరాల్లోనే, ఫోన్లో చెప్పింది ఎవరూ వినరు" అని అచ్చువేశారు. అందుకే సాంతా క్రూస్ బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

యంత్రాన్ని ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకుంటున్నాం. రంగు కాగితాలు కట్టాం. మెల్లగా నడుపుతున్నాం, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అయినా అక్రిలిక్ షీటు కోయమంటే కరిగించి పెడుతోంది. కోసే బిట్ చుట్టూ పాకంలా ముద్దకడుతోంది. పుంజు గీసిస్తే బాతు తయారవుతోంది.

అలసీతాస్ తిరునాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఏది కావాలో దాని బుల్లి బొమ్మ కొని, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి మంత్రం వేయిస్తే అసలుది నడుచుకుంటూ వస్తుంది. మొగుడు కావలసినవాళ్ళు పుంజు కొంటారు. బాతు కొంటే ఏమొస్తుందో నాకు తెలియదు. నా ప్లాస్టర్ అచ్చులన్నీ అమ్మి మీ యంత్రం కొన్నాను. ఆ రోజుకి పుంజులు పెట్టకపోతే ముందు వరుసలోని నా జాగా మా పెళ్ళికాని ఆడపడుచు ప్రిమితీవాకి ఇచ్చేస్తామని సంఘంవాళ్ళు చెప్పేశారు. నాకు మిగిలేది మరుగుదొడ్ల పక్కన.

మా ఊరు ఎత్తు కదా, నీళ్ళు కూడా తొందరగా మరుగుతాయి. ప్లాస్టిక్ అందుకే కరుగుతోందా?

ఇట్లు, మీ కొనుగోలుదారు
బసీలియా

తా.క. నమూనాకి ఒక బాతును పంపుతున్నాను.

---

సాంతా క్రూస్

దోన్యా బసీలియా గారికి, ఎర్లాన్ వాకా ఆశీస్సులు.

మీ కొండవాళ్ళు తలనొప్పి వచ్చినా కొండనే తిడతారు. తప్పు ఎత్తుది కాదమ్మా, మీ మర్యాదది. మీ బాతు అంచులు చూస్తేనే తెలుస్తోంది, చెక్కకి వాడే రెండంచుల బిట్ పెట్టి, నిమిషానికి ఇరవైనాలుగు వేల చుట్లు తిప్పుతూ, నత్తలా నడిపిస్తున్నారు. బిట్ కొయ్యడం మానేసి అక్కడే నిలబడి రుద్దుతోంది. రుద్దితే వేడి పుడుతుంది, వేడికి కరుగుతుంది.

ఒంటి అంచు బిట్ పంపుతున్నాను. చుట్లు పదహారు వేలకి దించండి. నడక నిమిషానికి రెండు మీటర్లకి పెంచండి. అంటే తక్కువ తిప్పాలి, ఎక్కువ తొయ్యాలి. తర్వాత రాలిన పొట్టు నాకు పంపండి. మనుషుల మాట నేను నమ్మను, పొట్టుని నమ్ముతాను.

ఉంటాను,
ఎర్లాన్

తా.క. బాతు బాగుంది. మా అత్తగారు తన పూజ గదిలో పెట్టుకుంది. అది పవిత్రాత్మ పావురం అనుకుంటోంది.

---

ఎల్ ఆల్తో

దోన్ ఎర్లాన్ గారికి నమస్కారం.

మీరు చెప్పినట్టు బిట్ మార్చాను. చుట్లు తగ్గించాను. కానీ రెండు మీటర్లంటే మనసొప్పలేదు. కొత్తగా వచ్చినదాన్ని అలా తరిమితే ఏమనుకుంటుంది? అందుకని మీ మాట, నా మాట రెండూ నిలబడేలా నడక ఇంకాస్త తగ్గించాను. ఈసారి కరగడం కొంచెం నయం. బాతు ఇప్పుడు కోడిపెట్టలా ఉంది.

ప్రిమితీవా వచ్చి చూసి, "వదినా, ఇవి కొన్నవాళ్ళకి మొగుడు రాడు, అత్తగారొస్తుంది" అని వెళ్ళింది. తను మాత్రం ఇంట్లో ప్లాస్టర్ పుంజులు వరుసగా ఆరబెట్టుకుంది. నా జాగాని అడుగులు వేసి కొలుచుకుంటూ కనబడిందట కూడా. నాకు నిద్ర పట్టడం లేదండీ.

మీరు అడిగిన పొట్టు, మా చెల్లెలు చేసిన జున్ను, ఒకే పొట్లంలో పంపుతున్నాను.

సెలవు,
బసీలియా

తా.క. జున్ను మీద సారా చిలకరించాను, దారిలో చెడదని.

---

సాంతా క్రూస్

దోన్యా బసీలియా గారికి,

మీ పొట్టు అందింది. నాకు కాదు, మా ఆవిడకి. తురిమిన జున్ను అనుకుని ఆదివారం కున్యాపే రొట్టెల మీద చల్లి పొయ్యిలో పెట్టింది. మా అత్తగారు మొదటి రొట్టె కొరికింది. కట్టుడు పళ్ళు రొట్టెలోనే ఉండిపోయాయి. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. పెళ్ళయ్యాక నాకు ఇంత సుఖం ఎప్పుడూ లేదు, అందుకు మీకు రుణపడ్డాను.

రొట్టెలోంచి ఏరి చూశాను. సగం పిండి, సగం దారాలు. అలా ఉండకూడదు. కత్తిరించిన గోళ్ళలా దళసరి ముక్కలు రాలాలి. ముక్క దళసరిగా ఉంటే వేడిని తనతో పట్టుకుపోతుంది, పిండి అయితే వేడి పుంజులోనే ఉండిపోతుంది. మర్యాదగా కోస్తే పిండే వస్తుంది. కాబట్టి ఆ యంత్రాన్ని చుట్టంలా చూడకండి, అల్లుడిలా చూడండి. నన్ను మా అత్తగారు ఎలా చూస్తుందో అలా. తరమండి.

ఇంకో మాట. చవకరకం షీటు తొందరగా మెత్తబడుతుంది. పోతపోసిన రకం అడిగి కొనండి.

మీ శ్రేయోభిలాషి,
ఎర్లాన్

తా.క. ఇంకొంచెం పొట్టు పంపగలరా? మా బావమరిది కూడా వస్తున్నాడు.

---

ఎల్ ఆల్తో

ఎర్లాన్ వాకా గారికి,

నమస్కారం పెట్టాలో వద్దో తెలియక పెడుతున్నాను.

మీరు చెప్పినట్టు తరిమాను. ముక్కలు చిటపట ఎగిరాయి. వచ్చాయండీ పుంజులు! తురాయి, తోక, కాలి గోళ్ళు, అన్నీ అద్దంలా తళతళమన్నాయి. ఆనందం పట్టలేక యంత్రాన్ని ముద్దుపెట్టుకున్నాను. వారమంతా కోసి అరల నిండా నింపాను.

పొద్దున చూద్దును కదా, ఒక్కొక్కదాని ఒంటినిండా సాలెగూడులా పగుళ్ళు. ప్రిమితీవా చూసి, "ఈకలు భలే చెక్కావు వదినా" అంది. తిరునాళ్ళు ముంచుకొచ్చాయి, అచ్చులు అమ్మేశాను, చేతిలో పగిలిన పుంజులున్నాయి. నాకు ఏడుపొస్తోంది. మీరు పాత యంత్రం అంటగట్టారు, లేదా మీ అత్తగారు శపించింది. రెండిట్లో ఏదో తేల్చి రాయండి.

బసీలియా

తా.క. మావైపు లోపం ఏమీ లేదు. రాత్రి పడుకోబోయే ముందు నేలతల్లి పచమామకి మొక్కి, ప్రతి పుంజుకీ ఒళ్ళంతా తడిసేలా సారా చల్లాం.

---

సాంతా క్రూస్

తల్లీ బసీలియా,

ముందు ఆ సారా సీసాకి మూత పెట్టు.

కోసేటప్పుడు పుట్టిన బిగువు అంచుల్లో ఉండిపోతుంది. పైకి కనబడదు. దానికి సారా తగిలిందా, పుటుక్కున విడిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ప్లాస్టిక్ కోయిస్తున్నాను, పుంజుకి సారా పట్టించినవాళ్ళని ఇప్పుడే చూశాను. మొక్కుకోవాలంటే నేల మీద పొయ్యండి, పచమామ తల్లి ఉండేది అక్కడే కదా. పుంజుల్ని సబ్బునీళ్ళతో కడగండి, చాలు.

సారా తప్పదంటే ఒకటే దారి. పుంజుని సన్నసెగ పొయ్యిలో పెట్టి, మెల్లగా చల్లారనివ్వాలి. బిగువు పోతుంది, ఆ తర్వాత పగలదు. ఇక్కడ మాత్రం మీ మర్యాద పనికొస్తుంది.

అన్నలాంటివాడు,
ఎర్లాన్

తా.క. మా అత్తగారు మళ్ళీ మాట్లాడుతోంది. తను శపించిందని మీరు రాసింది చదివి వినిపించాను, అప్పట్నుంచి ఆపడం లేదు.

---

ఎల్ ఆల్తో

అన్నయ్య ఎర్లాన్ గారికి, చెల్లెలు బసీలియా సంతోషంతో రాయునది.

మీ ఉత్తరం తిరునాళ్ళ ముందురోజు అందింది. పాతవి పారేసి, దొరికినంత షీటు కొని కోసి, సబ్బునీళ్ళతో కడిగి, మచ్చలేని పుంజులు దుకాణంలో పేర్చాను. ఇంటి పొయ్యిలో అన్నీ పట్టవు, కాల్చేంత వ్యవధి కూడా లేదు. నమూనాకి ఒకే ఒక్కటి మీరు చెప్పినట్టు సన్నసెగన కాల్చి చల్లార్చాను.

నేను సారా ముట్టలేదు. కానీ పన్నెండు కొట్టగానే ఏం జరుగుతుందో మనిద్దరం మర్చిపోయాం. కొన్నవాళ్ళందరూ పుంజుల్ని మంత్రగాడి ముందు పెట్టారు. ఆయన పొగవేసి, పూలు వేసి, సీసా ఎత్తి సారా గుమ్మరించాడు.

పుటుక్, పుటుక్, పుటుక్. ముందు వరుసంతా అదే చప్పుడు. నేను బల్లకింద దూరాను. ఇక మరుగుదొడ్ల పక్కనే నా బతుకు అనుకున్నాను.

పైన అరుపులు వినబడలేదు, ప్రార్థన వినబడింది. ఒక ముసలమ్మ పగిలిన పుంజుని ఎత్తి చూపి, "కోరిక పచమామ చెవిన పడింది, అందుకే పుంజు నోరు విప్పింది" అంటోంది. అంతే, జనం విరగబడ్డారు. ప్రిమితీవా ప్లాస్టర్ పుంజుల మీద ఎంత సారా పోసినా ఉలుకూ పలుకూ లేదు. "వాటికి వినబడదు" అని పిల్లలు కూడా వెళ్ళిపోయారు. సంఘంవాళ్ళే వచ్చి ముందు వరుస జాగా ఎప్పటికీ నాదేనని చెప్పి, తలా ఒక పుంజు పట్టుకెళ్ళారు.

ఇప్పుడు మీ సలహా కావాలి. వచ్చే ఏడాదికి ఇల్లు, కారు, అమెరికా వీసా, అన్నీ పగిలేవి కావాలంటున్నారు. ఎన్ని వేల చుట్లు తిప్పి, ఎంత మెల్లగా నడిపి, ఎంత మొద్దుబారిన బిట్ వాడితే అన్నీ ఖచ్చితంగా పగులుతాయో రాయండి.

మీ చెల్లెలు,
బసీలియా

తా.క. చీకటి పడ్డాక ప్రిమితీవా ముసుగేసుకుని వచ్చి తనకీ ఒక పుంజు కావాలంది. అరలో మిగిలింది ఆ కాల్చినది ఒక్కటే, ఇచ్చాను. పాపం, ఇప్పటికి మూడు సీసాలు పోసిందట.