నిజమే అన్నాను

ఆదివారం, రాత్రి

ఇవాళ మిరపకోత మధ్యలో కోటమ్మ పని ఆపి, మా చేను గట్టున ఉన్న పేరంటాలమ్మ రాయి ముందు కూర్చుండిపోయింది. ఆమె కూతురు కిందటేడు అత్తవారి ఊళ్ళో బావిలో శవమై తేలింది. నేను మంచినీళ్ళు తీసుకెళితే నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, ఈ తల్లి కరువు తీర్చటానికి నవ్వుతా బావిలోకి దిగిందంటారు గదా. నిజమేనా?"

ఆ పేరంటాలు మా నాయనమ్మకు తోడికోడలు. నవ్వుతూ దిగలేదు. మొగుడు కొట్టి గెంటేస్తే వచ్చి మా నాయనమ్మ తలుపు కొట్టింది. నాయనమ్మ భయపడి తియ్యలేదు. తెల్లారేసరికి బావిలో ఉంది. కరువు కథ అల్లింది నాయనమ్మే. పోయేముందు నాకొక్కదానికే చెప్పి ఏడ్చింది.

ఇదంతా చెప్పేద్దామనే నోరు తెరిచాను. కోటమ్మ కళ్ళు చూసి, "నిజమే కోటమ్మా" అన్నాను.

"అయితే నా బిడ్డకీ నొప్పి తెలిసుండదులే" అని కళ్ళు తుడుచుకుని కోతకు లేచింది. ఏడాదిగా ఆమె ముఖంలో అంత నెమ్మది చూడలేదు. కథలు ఇందుకే కాబోలు అనుకున్నాను. నాయనమ్మ మీద కోపం కూడా కాస్త తగ్గింది.

పొద్దుగూకే వేళ కోటమ్మ అల్లుడు వచ్చాడు. పెళ్ళాన్ని రోజూ కొట్టేవాడని అందరికీ తెలుసు. రాయికి కొబ్బరికాయ కొట్టి, నాకు దణ్ణం పెట్టాడు.

"మా అత్తకి మంచి మాట చెప్పారండీ. మా ఆవిడ కూడా దేవతే అయిందని ఫోన్లో అంటంది."

కూతురు ఎలా పోయిందని ఇక కోటమ్మ కూడా అడగదు.