నస్రీన్ ఫైళ్లకు ఈరోజు తేదీ

వనపర్తి, 2008, శుక్రవారం రాత్రి

చూపులేని మాలాంటివాళ్లు మీటలు నొక్కి రాసి, వేళ్లతో తడిమి చదువుకునే పాత బ్రెయిలీ నోట్‌టేకర్‌లో ఉన్నవన్నీ ఎట్టకేలకు కొత్తదానిలోకి చేరాయి. పాతదాని బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవడం లేదు. మా బడి కంప్యూటర్ సారు రఘు కేబుల్ తగిలించి, ముందు ఇంగ్లిష్ బ్రెయిలీ అనుకుని అక్షరాల్లోకి మార్చాడు. నా హాస్టల్ స్నేహితురాలు నస్రీన్ తెలుగులో రాసినదంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలై వచ్చింది. నాకు కోపమొచ్చింది. "ఏం మార్చకు, ఉన్నది ఉన్నట్టు పంపు" అన్నాను.

పంపాక అతనే అన్నాడు, "అక్కా, తేదీలు మారినయ్. అన్నీ ఈరోజే రాసినట్టు చూపిస్తుంది. జర ఆగు, సరిజేస్త."

వద్దన్నాను.

చదువుకునే రోజుల్లో హాస్టల్లో నస్రీన్‌కూ నాకూ కలిపి ఆ యంత్రం ఒక్కటే. ఒకరోజు తనది, ఒకరోజు నాది. నాకు అప్పగించే ముందు ఒక ఫైల్లో నాలుగు మాటలు రాసిపెట్టేది. పెళ్లయి రాయచూరు వైపు వెళ్తూ యంత్రం నాకే వదిలేసింది. మళ్లీ కబురు లేదు. గట్టు ఊళ్లో వాళ్లింటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ, "మాకే తెల్వదు బిడ్డా" అంది. నిజంగా తెలియదో, నాకు చెప్పకూడదనుకుందో.

ఇందాక ఆఖరి ఫైలు తెరిచాను. ముందు ఈరోజు తేదీ వేళ్లకు తగిలింది. తర్వాత ఆమె మాటలు.

"పల్లీలు తినుకుంట రాసిన. మీటల మీద పొట్టుంటది, జర ఊదుకో. రేపు నీ వంతు."

కొత్త యంత్రం మీద పొట్టేమీ లేదు. అయినా ఊదాను.