కొవ్వూరు నుంచి కొత్త కాల్‌సైన్

కొవ్వూరు,
సోమవారం.

సారిక వాళ్ల నాన్నగారికి ప్రభువు పేరట వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాం. ఆ దీవిలో మీరూ బాగున్నారని తలుస్తున్నాను.

ముందుగా ఒక మాట. నా ఈ జవాబు తెచ్చే ఓడలోనే రేడియో సెట్టు తిప్పి పంపేస్తానని రాశారు. దయచేసి దాన్ని పెట్టెలో పెట్టకండి. తుఫానుకి అక్కడ ఫోన్ టవరు పడిపోయాక, లైట్‌హౌస్ డ్యూటీ దిగితే మీకున్న తోడు అదొక్కటే. "ఇంటివైపు నుంచి ఒక్కరూ పలకడం లేదు, ఎవరి కోసం ఈ ఏరియల్ తీగ కట్టుకోవాలి?" అన్న మీ మాట చదివాక నాకు అన్నం సహించలేదు. ఎందుకు విప్పకూడదో చెప్తాను, ఓపికగా చదవండి.

మీరడిగినవి చెప్పేస్తాను. అత్తయ్యగారి మోకాలు నయం. చర్చికి నడిచే వెళ్తున్నారు, వచ్చేటప్పుడు మాత్రం ఆటో కావాలంటున్నారు. సారిక కాకినాడ హాస్టల్లో కుదురుకుంది. కూరలు బాగాలేవని ఫోన్లో ఏడుస్తూనే ఒళ్లు చేసింది. వంటింటి మీద రేకు మార్పించాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "మనవైపు నుంచి ఎవరిదో కొత్త కాల్‌సైన్ కనిపిస్తోంది. అందరినీ పిలుస్తాడు, నేను జవాబిస్తే పలకడు. ఎవడా మర్యాద తెలియని మనిషి, కనుక్కో" అని రాశారు. కనుక్కున్నానండి. ఆ మర్యాద తెలియని మనిషిని నేనే.

వేసవిలో దీనమ్మ పిన్నిని చూడ్డానికి విశాఖ వెళ్తున్నానని రాశాను కదా, వెళ్లింది రేడియో లైసెన్సు పరీక్షకి. పాసయ్యి, రేడియోలో నా పేరుగా ఓ కాల్‌సైన్ వచ్చాక మీ పాత సెట్టు దుమ్ము దులిపి కంప్యూటరుకి తగిలించాను. మీరు వాడే ఎఫ్‌టీ8 పద్ధతే, మాటలుండవు, ఈలలే. కంప్యూటరు వాటిని చదివి తెర మీద రాస్తుంది. మీకు చెప్పేదేముంది గానీ, నేనూ నేర్చుకున్నానని చూపించుకోవాలిగా. మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని ఆదివారాలు పిలవడం మొదలుపెట్టాను. మీరు జవాబిస్తున్నారన్న సంగతి మీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

జరిగిందేమిటంటే, గోదావరికి అవతల రాజమండ్రిలో సత్యప్రసాద్ గారి పెద్ద సెట్టు ఉంది. ఆయన గొంతెత్తితే మన సెట్టు బెదిరిపోయి చెవులు మూసుకుంటుంది. దూరపు సన్నని గొంతులన్నీ మునిగిపోతాయి. అందుకని సెట్టు వినే సందుని, అదే రిసీవ్ ఫిల్టర్‌ని, బాగా సన్నం చేసి, తెర మీద నేను పిలిచేచోటే పెట్టుకుని కూర్చున్నాను. పిలిచినచోటికే జవాబు వస్తుందనుకున్నాను. మీరేమో మరోచోట నుంచి పలుకుతున్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆయన్ని ఆపబోయి మిమ్మల్నే గుమ్మం బయట నిలబెట్టాను.

సిగ్గు విడిచి ఆయన దగ్గరికే వెళ్లి అడిగాను. పెద్దగా నవ్వి, "మీరు పిలిచేచోట కాదమ్మా, మీవారు పలికేచోట పెట్టాలండి చెవి. ఆయన ఎక్కడుంటారో తెలుసాండి?" అన్నారు. నాకు తెలియకపోవడమేమిటి? పెళ్లి భోజనానికెళ్తే ఆఖరి వరస, చర్చిలో గోడవార చివరి కుర్చీ.

నిన్న ఆరాధన అయి, అన్నాలు తిన్నాక సెట్టు ముందు కూర్చున్నాను. ఫిల్టర్‌ని అంతే సన్నంగా ఉంచి, జనం లేని కుడి అంచుకి జరిపాను. సత్యప్రసాద్ గారు మాయం. పిలిచాను. తెర మీద దారం పోగంత గీత, పక్కనే నా కాల్‌సైన్, దాని తర్వాత మీది. "అత్తయ్యగారూ, మీ అబ్బాయండి" అని కేకేశాను. ఆవిడ పరుగున వచ్చి, "ఏడే, ఎక్కడే? ఈ గీతేంటి?" అంటూ తెర తడిమారు. ఆవిడ చెయ్యి అడ్డు తీయడానికి నా తాతలు దిగొచ్చారు.

ఎవరిది ఎంత బాగా వినిపిస్తోందో రిపోర్టులు ఇచ్చుకున్నాం. శుభం చెబుతూ మీరు 73 పంపారు. నేను ఆగలేక 88 పంపాను. ప్రేమతో ముద్దులని దానికి అర్థం, పరీక్షకి చదివాను. మీకు ఒళ్లు మండి ఉంటుంది. తర్వాత మళ్లీ 73 అనే వచ్చింది. అంతే, సెట్టు కట్టేశారు. నవ్వలేక చచ్చాను, తర్వాత ఏడ్చాను కూడా. పరాయివాళ్లతో మీరు అలాగే ఉంటారని చూసి ఎంత సంతోషమేసిందో రాయలేను.

ఆ తీగ విప్పకండి. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం అదే అంచున ఉండండి. ఈసారి 73తో సరిపెడితే ఊరుకోను.

ఇట్లు,
మీ ఇల్లాలు
ప్రసన్నకుమారి