బందరు రొయ్య

జూన్ 1969, గురువారం రాత్రి

దిల్‌సుఖ్‌నగర్‌ల రావుగారి మెస్సుకు పోయిన. తెలంగాణ గొడవలు మొదలైనంక బోర్డు మీది 'ఆంధ్రా' అన్న మాటకు ఆయనే సున్నం పూసుకున్నరు. సముద్రపు రొయ్యలు వండుడు కూడా బంద్ చేసిన్రు, వాసన రోడ్డు మీదికి పోతదని.

"ఇగ మంచి రొయ్యలు ఏడ తినాలె?" అన్న.

"బందరు రండి. రేవు దారిలో మా బావ హోటలుంది. మూరెడు రొయ్య వండిస్తాను," అన్నరు, గిన్నెలు గోనెసంచిల సర్దుకుంట. రేపు తెల్లారి పెండ్లాం పిల్లలతోని పోతున్నరట.

"నా యాస విని అక్కడ నాకు అన్నం పెడతరా?"

ఆయన గోనెసంచి మూతి బిగించి కట్టిన్రు.

బయట మా గల్లీ పోరగాళ్లు నిలబడి ఉన్నరు. "కాకా, గాయన ఎప్పుడు పోతడు?" అని అడిగిన్రు. తెల్వదన్న. నమ్మినట్టు లేరు. ఇంటికొచ్చి ఇది రాస్తుంటే, మెస్సు దిక్కు నుంచి వాళ్ల మాటలు ఇంకా వినబడుతున్నయి.