సగటున బాగానే వినపడే మనిషి

అమ్మకు నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ ఇద్దరం క్షేమమే. ఆ మాట రాయడానికి చెయ్యి కాస్త తటపటాయించింది గానీ, జ్వరాలూ దెబ్బలూ ఏమీ లేవు కాబట్టి క్షేమమే అనుకో. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లెక్కడం మానలేదని తమ్ముడు చెప్పాడు. చెబితే వినవు కదా నువ్వు కూడా!

అల్లుడు ఇప్పుడైనా సరిగ్గా మాట్లాడుతున్నాడా, నువ్వెప్పుడు వస్తున్నావు అని అడిగావు. పెట్టె సర్దిన మాట నిజం. ఇప్పుడది సగం విప్పి ఉంది. ఏం జరిగిందో నాకే ఒక పట్టాన అర్థం కావడం లేదు. రాస్తూ పోతాను, నీకైనా అర్థమవుతుందేమో చూడు.

రంపాల మోతలో పనిచేస్తారని ఈయన పనిచేసే సామిల్లులో అందరికీ చెవి పరీక్ష చేశారని రాశాను కదా. ఈయన కాగితం మీద ‘సగటు 25, వినికిడి మామూలే’ అని రాసిచ్చారు. ఇంకేం, నా అనుమానం రుజువైంది. పక్క వాటా డ్రైవరు వీధిలోంచి పలకరిస్తే పలుకుతారు. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తారు. నేను వంటింట్లోంచి పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. పెళ్లాం మాటంటే అంత అలుసా? గోడకు చెప్పుకున్నా నయమనిపించి, వచ్చేస్తానని నీకు రాసేశాను.

మొన్న పై వాటా లెక్కల టీచరమ్మ నేను కుట్టిన బట్టలు తీసుకోవడానికి వచ్చి, నా మొహం చూసి ఏమైందని అడిగింది. కాగితం చేతిలో పెట్టి నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, "ఇదేం లెక్క తల్లీ!" అంది.

బొంగురు గొంతులాంటి లావు శబ్దం మొదలుకుని ఈలలాంటి సన్న శబ్దం దాకా నాలుగు వినిపించారట. ఒక్కోటీ ఎంత పెంచితే వినపడిందో ఆ అంకె వేశారు. అంకె పెరిగేకొద్దీ చెవి మందమన్నమాట. రెండు చెవులకూ అవే అంకెలు: 15, 25, 60. అన్నిటికన్నా సన్నదాన్ని వంద దాకా పెంచినా వినపడలేదని అక్కడ గీత గీశారు. సగటు కట్టిన మహానుభావుడు ఆ గీతను సున్నా కింద వేసుకున్నాడు. కూడితే వంద, నాలుగుతో భాగిస్తే ఇరవై ఐదు.

"సున్నా అంటే చీమ చిటుక్కుమన్నా వినపడుతుందని! మా పిల్లలూ ఇంతే. జవాబు లేనిచోట సున్నా పెట్టి కూర్చుంటారు," అంది.

"అయితే ఆ గీతను వదిలేసి మూడుతో భాగిద్దామా?" అన్నాను తెలివిగా. ముప్పై మూడు వచ్చింది.

"అదీ తప్పే. పరీక్షే పెట్టకపోతే వదిలేయొచ్చు. పెట్టారు, వినపడలేదు. కనీసం వందైనా వేయాలి."

అప్పుడు రెండు వందలు, నాలుగుతో భాగిస్తే యాభై. నా తల గిర్రున తిరిగింది. ఆవిడ వచ్చేటప్పటికి ఇరవై ఐదు, టీ తాగేటప్పటికి ముప్పై మూడు, కప్పు కడిగేటప్పటికి యాభై! ఇందులో నా మొగుడు ఏ అంకె?

"ఏదీ కాదు. లావు శబ్దాలు బాగానే వినపడతాయి, సన్నవి అసలు వినపడవు. డ్రైవరుది బొంగురు గొంతు, నీది సన్న గొంతు. లావాటివాడి కొలతా బక్కవాడి కొలతా కలిపి సగం చేసి ఇద్దరికీ చొక్కాలు కుడతావా?"

"కుడితే ఇద్దరూ కలిసి నన్ను కుమ్మేస్తారు," అన్నాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఎవరి మీద కోప్పడ్డాను నేను?

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనా అదే చెప్పి, చెవికి పెట్టుకునే మిషను రాశాడు. కాబట్టి అమ్మా, నేనిప్పుడు రావడం లేదు. రావడం లేదు కాబట్టే నీకు దాచిన మాట రాయగలుగుతున్నాను.

నేను పెట్టె సర్దింది పిలిస్తే పలకలేదని కాదు. ఒక సాయంత్రం ఆయన అటు తిరిగి కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. సిగ్గుతో దగ్గరికి పోలేక, వెనక నుంచే మెల్లగా చెప్పాను, నెల తప్పిందని. ఆయన రెండో బూటు కూడా విప్పి, పక్కన పెట్టి, "చొక్కా బొత్తాం ఊడింది, కుట్టిపెట్టు," అన్నారు. బిడ్డ వద్దనే కాబోలు అనుకున్నాను. ఆ బొత్తాం కుడుతూ ఎంత ఏడ్చానో నీకు చెప్పలేను.

డాక్టరు దగ్గర నుంచి వచ్చాక ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పాను. నా పెదాలే చూస్తూ విన్నారు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "ఇన్నాళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

చెప్పానని ఎలా చెప్పనమ్మా? "సిగ్గేసింది," అన్నాను.

ఆయన, "రాత్రిపూట బిడ్డ ఏడిస్తే నాకు వినపడుతుందా?" అని అడిగారు.

"నాకు వినపడుతుందిగా. మిమ్మల్ని తట్టి లేపుతాను."

"మళ్లీ చెప్పు."

"తట్టి లేపుతానంటున్నాను!"

"అది కాదు. ముందు చెప్పింది, బిడ్డ సంగతి."

చెప్పాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి